గాదె ముందు చెప్పులు

ఆ ఇంట్లో పుస్తకాల పురుగులు రెండు రకాలు. ఒక రకం కుర్చీల్లో కూర్చుని పుస్తకాలు చదివేవి. ఇంకో రకం పుస్తకాల్లో కూర్చుని పుస్తకాలు తినేవి. మొదటి రకం మామగారు, ఆయన కొడుకు, కూతురు. రెండో రకం అంతు చూడటం కోడలి ఉద్యోగం. అందుకని ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా ఆమెను పురుగుల డాక్టరనేవాళ్లు. కోపం రాకపోయినా అనేవాళ్లు.

మామగారిది పాత సాహిత్యం. కొడుకుది మధ్యయుగాల చరిత్ర. కూతురు చిట్టిది సినిమా. అంటే తీయడం కాదు, ఎప్పుడో ఎవరో తీసి పారేస్తే అట్టలు కట్టిపోయిన రీళ్లను విడదీసి, కడిగి, అందులో ఏముందో చూసి రాయడం. కోడలిది కీటక నివారణ. నలుగురూ ఒకే పరిశోధనాలయంలో పనిచేసేవారు. మామగారు రిటైరై చాలా కాలమైంది గానీ ఆ సంగతి ఆయనకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పినా వినపడదు. ఆయనకు చెవుడు. చెవికి మిషను ఉంది కానీ చదివేటప్పుడు అది గుర్రుమంటుందని తీసి జేబులో వేసుకునేవాడు. చదవడం తప్ప ఆయనకు వేరే పని లేదు కాబట్టి, మిషను ఎక్కువగా జేబులోనే ఉండేది.

నలుగురినీ ఒకచోటికి చేర్చింది ఒక రాతప్రతి. తోలు అట్ట, దిండంత మందం, నిండా కథలు. వందల ఏళ్ల కిందట ఎవరో ఒకే చేతితో గొలుసుకట్టుగా రాసుకుపోయారు. ఎక్కడా మాట మాటకీ మధ్య ఎడం లేదు. ఆ రాత చదవగలిగినవాడు మామగారొక్కడే. కొడుకు నేర్చుకుంటానని పెళ్లికి ముందునుంచీ అంటున్నాడు. ఆయన చూపుడువేలు పంక్తి కింద నడిపిస్తూ చదివి, మామూలు అక్షరాల్లో తిరగరాసేవాడు. సగం పుస్తకం అలా బయటికి వచ్చింది. మిగతా సగం ఇంకా ఆ వేలు కిందికి రావలసి ఉంది.

అందులో అందరికీ నచ్చిన కథ గాదె కథ. కోట లోపల ఒక పెద్ద గాదె. ధాన్యానికి ముక్కుపురుగు పట్టింది. గాదె కావలివాడు తలుపులు మూసి, పగుళ్లకు మట్టి మెత్తి, విషపు ఆకుల పొగ పెట్టాలి. అయితే పొగ పెట్టేముందు లోపల ఎవరూ లేరని తెలియడం ఎలా? ధాన్యం ఉన్నచోట చెప్పులతో తిరగరు కనుక, తలుపు ముందు అరుగు మీద ఎన్ని జతల చెప్పులుంటే లోపల అంతమంది ఉన్నట్టు. అరుగు ఖాళీ అయితే గాదె ఖాళీ. కావలివాడు అరుగు చూశాడు. ఖాళీగా ఉంది. పొగ పెట్టాడు. తలుపు తీసి చూసేసరికి లోపల ఒక మనిషి పడి ఉన్నాడు.

ఆ మనిషి ఎవరు, చెప్పులు ఏమయ్యాయి అనేది తెలియదు. సరిగ్గా అక్కడి పుటలనే పురుగు జల్లెడలా చేసి వదిలింది. మామగారు ఆ చిల్లుల మధ్య మిగిలిన అక్షరాలను ఒక్కొక్కటే పట్టుకుని రోజుకు ఒకటి రెండు మాటలు తేల్చేవాడు. కొడుకు అలాంటి గాదె నిజంగా ఉండేదని, కావలివాణ్ని దేశం నుంచి వెళ్లగొట్టారని ఆధారాలు వెతికి పెట్టాడు. చిట్టి దగ్గర ఆ కథమీదే తీసిన మూగ సినిమా ఒకటుంది. పుటలు చిల్లులు పడకముందు కథ విన్నవాళ్లెవరో తీశారట. దాని ఆఖరి రీలు మాత్రం బెల్లం అచ్చులా గడ్డకట్టి ఉంది. "సినిమావాళ్లు చెప్పిందల్లా కథేనా," అని మామగారు తీసిపారేసేవాడు.

కోడలికి ఆ కథలో నచ్చింది ఒక్క చెప్పుల సంగతే. పరిశోధనాలయంలోని రాతప్రతుల గదిలోకి చెప్పులతో వస్తే దుమ్ము వస్తుంది, దుమ్ముతో గుడ్లు వస్తాయి. ఆమె ఆ గది తలుపు పక్కన ఒక స్టాండు పెట్టించి, చెప్పులు విడిచి గాని ఎవరూ లోపలికి పోకూడదని నియమం పెట్టింది. స్టాండు ఖాళీ అయితే గది ఖాళీ. అది తెలిసి మామగారు మురిసిపోయాడు.

"చివరికి మా సాహిత్యం నీకు చెప్పుల స్టాండుకి పనికొచ్చిందన్నమాట. పోన్లే, అంతమాత్రమైనా చదువుకున్నదానివే," అన్నాడు.

ఆయన ఆమెను మెచ్చుకోవడం అంటే అదే. ఆమె దాన్ని మెప్పుగానే తీసుకుంది. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ ఆయన తనను చదువుకున్నదాని కింద జమకడితే చాలని ఆమెకు ఉండేది. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు గాని, ఉండేది. కాకపోతే ఆఖరి పుటలు పురుగు తినేసిన కథలోంచి తను నియమం అరువు తెచ్చుకున్నానని ఆమెకు గానీ, ఆ ముగ్గురు పండితులకు గానీ తట్టలేదు.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. అరల కింద గోధుమరంగు పిండి రాలడం మొదలైంది. పురుగు కాగితం తిని వదిలే పిండి అది. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ రాలేది. ఆమె రాతప్రతి అట్ట తెరిచి అద్దం పెట్టి చూసింది. కథలు చిల్లులుపడ్డ చోటునుంచి పురుగు ముందుకు నడిచి, మామగారు ఇంకా చదవని సగంలోకి దిగింది. చెవి ఆనించి వింటే కాగితం లోపల గోటితో గీరినట్టు సన్నటి చప్పుడు. ఆ చప్పుడు ఆమెకు రాత్రి దిండు మీద కూడా వినిపించేది.

ఇక గదికి గాలి పెట్టక తప్పదంది. ఇంట్లో యుద్ధం లేచింది.

"విషం పెడితే సిరా మాసిపోతుంది. ఒక్క అక్షరం పోయినా నేను ఒప్పుకోను," అన్నాడు మామగారు.

"విషం కాదు మావయ్యా. నత్రజని. మనం పీల్చే గాల్లో ఎక్కువ భాగం అదే. గదిలోంచి ప్రాణవాయువును నెట్టేసి దీన్ని నింపుతాం. పురుగు ఊపిరాడక చస్తుంది. సిరాకేం కాదు, కాగితానికేం కాదు."

"ప్రాణం లేని గాలి అన్నమాట."

"అలాగే అనుకోండి. రంగు లేదు, వాసన లేదు, ఉక్కిరిబిక్కిరి కూడా ఉండదు. ఒక్క అక్షరం చెక్కుచెదరదు. నాది పూచీ."

"నీ పూచీ నాకొద్దు. ముందు నన్ను చదవనియ్యి. చదివేశాక ఏ గాలి పెట్టుకుంటావో పెట్టుకో."

"మీరు చదివేలోపు అది తినేస్తుంది."

ఇద్దరూ ఆ అక్షరాలను దక్కించుకోవాలనే కొట్లాడుకున్నారు. మధ్యలో కొడుకు, కర్ర విరగకుండా పాము చావకుండా చూసే మనిషి, "ఇద్దరూ చెప్పేదీ నిజమే" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

గాలి పెట్టడానికి గది సిద్ధం చేస్తున్నామని, ఇక ఎవరూ లోపలికి పోవద్దని ఆమె తలుపుకి కాగితం అంటించింది. మర్నాడే స్టాండు మీద మామగారి చెప్పులు కనిపించాయి. వెళ్లి చూస్తే ఆయన చివరి అర వెనక నేలమీద చతికిలబడి, ఒళ్లో రాతప్రతి, చేతిలో చిన్న టార్చి. దీపం వేస్తే బయటికి తెలుస్తుందని టార్చి తెచ్చుకున్నాడు. చెప్పులు తెలుస్తాయని మాత్రం తోచలేదు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చెవిలో మిషను లేదు కాబట్టి గట్టిగా అరవాల్సి వచ్చింది. అరిచేసరికి పక్క గదులవాళ్లంతా తలుపు దగ్గర మూగారు. "చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాలా మీకు? నేను సిలిండరు తిప్పేసి ఉంటే ఏమయ్యేది?" అని అందరి ముందూ కడిగేసింది. ఆయన లేచి, వచ్చి, స్టాండు మీద చెప్పులు వేసుకున్నాడు. వేసుకుంటూ వాటివంక ఒక చూపు చూశాడు. తనమీద చాడీలు చెప్పినవాణ్ని చూసినట్టు చూశాడు. ఆ చూపు ఆమె చూసింది. కాస్త నవ్వు కూడా వచ్చింది.

వారం పాటు ఆయన ఆమెతో మాట్లాడలేదు. గాలి పెట్టే రోజు పొద్దున మాత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళేనా?"

"సాయంత్రం మావయ్యా."

"సాయంత్రమా," అని తల ఊపాడు. "గుడ్డసంచీ ఏదైనా ఉంటే ఇయ్యమ్మా," అన్నాడు.

మాట కలిపాడు కదా అని ఆమె ప్రాణం తేలికపడింది. ఎందుకని కూడా అడగలేదు. మంచి సంచీ ఒకటి వెతికి, దులిపి, తన చేత్తోనే ఇచ్చింది.

సిలిండర్లు బిగించే మనిషి పరిశోధనాలయానికి అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. వాళ్లావిడకు ఒంట్లో బాగాలేదని, మధ్యాహ్నానికల్లా వెళ్లిపోవాలని బతిమాలాడు. సరే, ముందే కానిచ్చేద్దామంది. తలుపు బార్లా తీసిపెట్టి, ఇద్దరూ వెనక వరండాలో గొట్టాలు కలుపుతూ చాలాసేపు ఉండిపోయారు. అదంతా అయ్యాక ఆమె తలుపు దగ్గరికి వచ్చింది. స్టాండు చూసింది. ఒక్క జత కూడా లేదు. దీపం వేసి నడిమి దారి వెంట చూపు సారించింది. "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. జవాబు లేదు. దీపం తీసేసింది.

అదివరకు, స్టాండు లేని రోజుల్లో, ఆమె ప్రతిసారీ చివరి అరదాకా నడిచి చూసి వచ్చేది. స్టాండు వచ్చాక ఆ నడక మానేసింది. కీడెంచి మేలెంచమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఇనప తలుపు అంచులకు రబ్బరు పట్టీ ఉంది, దానిమీద టేపు వేసింది. మర తిప్పింది. గొట్టంలో బుస్సుమని చప్పుడు మొదలైంది. మామూలు చెవులున్న వాళ్లెవరికైనా గది లోపల అది వినపడేదే. తలుపు పక్కన గోడకున్న మీటరులో ప్రాణవాయువు ముల్లు మెల్లగా ఎడమకు జరగసాగింది.

భోజనాల వేళకు చిట్టి మేడమీద నుంచి పరుగున వచ్చింది. "వదినా, ఆఖరి రీలు విడింది! రా, అన్నయ్యను కూడా లాక్కురా. నాన్న ఏడీ? పొద్దుట్నుంచీ వెతుకుతున్నా, కనపడ్డం లేదు."

"అలిగి ఎక్కడో కూర్చుని ఉంటారు," అంది కోడలు.

"ఆయన రాకుండా వేస్తే నన్ను చంపేస్తారు."

"సినిమావాళ్ల కథ ఆయనకెందుకు, మనం చూసేద్దాం," అన్నాడు కొడుకు. ముగ్గురూ చీకటి గదిలో కూర్చున్నారు. మెట్లెక్కేముందు కోడలు మీటరు చూసింది. ముల్లు కొవ్వొత్తి ఆరిపోయే గీత దగ్గరికి వస్తోంది. అంతా సవ్యంగానే ఉందనుకుంది.

తెరమీద వాన గీతల్లాంటి గీతలు. ఆ గీతల వెనక గాదె. కావలివాడు వచ్చాడు. అరుగు చూశాడు. అరుగు ఖాళీ. తలుపు మూసి, మట్టి మెత్తి, నిప్పు రాజేశాడు. పొగ. ఆ తర్వాత తీసినవాడు కథను వెనక్కి తిప్పి, అంతకుముందు జరిగింది చూపించాడు. ధాన్యం కొలిచే ముసలివాడు ఒకడు అరుగు దగ్గరికి వచ్చాడు. మధ్యాహ్నం పూట గాదెలో చల్లగా పడుకోవడం వాడి అలవాటు. అంతకుముందు ఒకసారి చెప్పులవల్ల దొరికిపోయి అందరి ముందూ చీవాట్లు తిన్నాడు కూడా. ముసలివాడు చెప్పులు విడిచాడు. అటూ ఇటూ చూశాడు. వంగి, వాటిని తీసి చంకలో పెట్టుకుని, బోసినోటితో నవ్వుతూ, వట్టి కాళ్లతో లోపలికి వెళ్లిపోయాడు.

"భలే," అంది చిట్టి. "అచ్చం నాన్నలా లేడూ?"

"అంతా కల్పన," అన్నాడు కొడుకు. "ఇలా జరిగిందని ఎక్కడా ఆధారం లేదు."

కోడలికి తెరమీద చంకలోని చెప్పులు కాదు, పొద్దున తను దులిపి ఇచ్చిన గుడ్డసంచీ కనిపించింది. కుర్చీ వెనక్కి పడింది. ఆమె లేవడం ఆ ఇద్దరికీ ఆ చప్పుడుతోనే తెలిసింది.

ఎలా దిగిందో ఆమెకు గుర్తు లేదు. మర కట్టేసింది. కొట్టుగదిలో వేలాడే ఊపిరి ముసుగు మూతికి, దాని గాలి సిలిండరు వీపుకు తగిలించుకుంది. టేపు గోళ్లతో చీల్చింది. వెనకే పరుగెత్తుకొచ్చిన భర్తకు అప్పటికి విషయం అర్థమైంది. తలుపు తెరుచుకోగానే లోపలికి దూకబోయాడు. ఆమె రెండు చేతులా అతణ్ని వెనక్కి నెట్టింది.

"మీరొస్తే ఇద్దర్ని మొయ్యాలి. ఇక్కడే ఉండండి."

"మా నాన్న లోపలున్నాడే!"

"అందుకే చెప్తున్నా, ఇక్కడే ఉండండి."

గది పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. పొగ లేదు, వాసన లేదు. ఏ ప్రమాదమూ లేనట్టు ఉంది. ఆమె ఈసారి చివరి అరదాకా నడిచింది. మామగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, తల పక్కకు వాలిపోయి. ఒళ్లో రాతప్రతి, దానిమీద ఇంకా వెలుగుతున్న టార్చి. చూపుడువేలు ఒక పంక్తి మధ్యలో ఆగి ఉంది. పక్కనే గుడ్డసంచీ, అందులో చెప్పులు పొందికగా ఒకదానిమీద ఒకటి. తలుపు పడిన సంగతే ఆయనకు తెలియలేదేమో. తెలిసినా, మూస్తే మూశారు, సాయంత్రం దాకా చదువుకోవచ్చని సంతోషించి ఉంటాడు. ఆయన సంగతి ఆమెకు తెలుసు.

చంకల కింద చేతులు వేసి, ఈడ్చుకుంటూ వచ్చింది.

ఊపిరి ఉంది. నాడి ఉంది. ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. పెద్ద డాక్టరు ముగ్గురినీ కూర్చోబెట్టి, ప్రాణానికి భయం లేదన్నాడు. మెదడుకు గాలి అందని సేపట్లో ఏమేం పోయాయో ఇంటికి వెళ్లాక మెల్లగా తెలుస్తుందన్నాడు. భర్త ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. చిట్టి మాత్రం ఒకరోజు, "చివరిదాకా నడిచి చూడాల్సింది వదినా," అని, వెంటనే ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

సగంలో ఆగిన గదికి తర్వాత మళ్లీ గాలి పెట్టించి, వారాల తరబడి మూసి ఉంచితే పురుగులన్నీ చచ్చాయి. అరల కింద పిండి రాలడం ఆగిపోయింది. భర్త రాతప్రతిని అద్దం కింద పుట పుటా తిప్పి చూశాడు. సిరా మాయలేదు, కాగితం పెళుసెక్కలేదు. చిల్లులు పడగా మిగిలిన ప్రతి అక్షరమూ ఉన్నది ఉన్నట్టు ఉంది. ఆమె ఇచ్చిన పూచీ నిలబడింది.

మామగారు ఇంటికి వచ్చాడు. నడుస్తున్నాడు, తింటున్నాడు, అందరినీ చూసి నవ్వుతున్నాడు. అంత మెత్తగా ఆయన ఎప్పుడూ లేడు. మిషను రోజంతా చెవిలోనే ఉంచుకుంటున్నాడు. పొద్దున పేపరు ఇస్తే బొమ్మలు చూసి, మడిచి పక్కన పెట్టేవాడు. ఇంకా నీరసం తగ్గలేదని ఇంట్లో వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు.

అలవాటైన వస్తువులు ముందు పెట్టమన్నాడు డాక్టరు. ఒక మధ్యాహ్నం ఆమె పరిశోధనాలయం నుంచి అనుమతి తీసుకుని రాతప్రతిని ఇంటికి తెచ్చింది. ఆయన ముందు బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి, ఆయన వేలు ఆగిన పుటే తెరిచి పెట్టింది. పక్కన కూర్చుంది. చేతులు ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

ఆయన పుటవైపు చాలాసేపు చూశాడు. చూపుడువేలు దానంతటదే పంక్తి కిందికి వెళ్లింది. మొదటినుంచి చివరిదాకా, పాత రోజుల్లోలాగే, నెమ్మదిగా నడిచింది. పెదాలు మాత్రం కదల్లేదు.

"ఎంత ముచ్చటగా ఉన్నాయమ్మా ఈ గీతలు," అన్నాడు. "ఎవరు గీశారు?"

ఆయన వేలు ఇంకో పంక్తి కింద నడిచి, చిల్లు దగ్గర ఆగి, చుట్టు తిరిగి మళ్లీ ముందుకు సాగింది.

"ఇందులో ఏదో రాసినట్టుంది కదూ?" ఆయన తలెత్తి, ఆమె ముఖంలోకి ఎంతో మర్యాదగా చూశాడు. "నువ్వు బాగా చదువుకున్నదానిలా ఉన్నావు. కాస్త చదివి పెట్టమ్మా, వింటాను."

చెవిలో మిషను సరిచేసుకుని, ఆమెవైపు కాస్త వంగి కూర్చున్నాడు. ఆమె పుటను తనవైపు తిప్పుకుంది. ఆ రాతలో ఒక్క ముక్క ఆమెకు రాదు.